గాలి, పోటు, లోతు: అండమాన్ జలక్రీడల వెనుక ఉన్న మూడు లెక్కలు

అండమాన్‌లోని హావ్‌లాక్ ద్వీపంలో, ఎలిఫెంట్ బీచ్‌లో పడవ దిగి ఇసుక మీద నాలుగడుగులు వేయగానే ధరల పట్టిక ఎదురవుతుంది. స్నార్కెలింగ్ (నోట గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటిలోకి చూడటం), సీ వాక్ (హెల్మెట్‌తో సముద్రపు అడుగున నడక), జెట్ స్కీ, బనానా రైడ్, పారాసెయిలింగ్, అద్దాల అడుగున్న పడవ, అన్నీ ఒకే బల్ల మీద, ఒకే సైజు అక్షరాల్లో, పక్కన నిమిషాలూ రూపాయలూ వేసి ఉంటాయి. చదివేవారికి ఇవన్నీ ఒకే అంగట్లోని సరుకుల్లా కనిపించడం సహజం. ధర ఎంత, ఎంతసేపు, వీడియో తీసి ఇస్తారా అన్న మూడు ప్రశ్నలతో బేరం ముగుస్తుంది. కానీ నిన్న ఇదే తీరంలో దిగిన పక్కింటివారు చూసిన చేపలు ఈరోజు మనకు ఎందుకు కనిపించలేదో, పొద్దున టికెట్ ఇచ్చిన పారాసెయిలింగ్ పదకొండు గంటలకు ఎందుకు ఆగిపోయిందో, స్కూబా (వీపున గాలి సిలిండరుతో నీటి కిందికి దిగడం) చేసిన మర్నాడు విమానం ఎక్కవద్దని ఎందుకు చెబుతారో ఆ పట్టిక చెప్పదు. ఎందుకంటే ఆ ఆటలు ఒక జాతివి కావు. కొన్ని గాలి మీద ఆధారపడతాయి, కొన్ని పోటు మీద, మరికొన్ని నీటి లోతు మన చెవులనూ ఊపిరితిత్తులనూ ఏం చేస్తుందన్నదాని మీద. ఏ ఆట దేని మీద నిలబడి ఉందో తెలిస్తే, ఏ రోజు, ఏ వేళ, ఏ తీరంలో దానికి డబ్బు పెట్టాలో యాత్రికుడే నిర్ణయించుకోగలడు.

అండమాన్ మనకు పరాయి చోటేమీ కాదు. విశాఖపట్నం రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడ ఏనాటి నుంచో నడుస్తోంది. 2011 జనగణనలో ఆ ద్వీపాల జనాభాలో సుమారు 13 శాతం మంది తెలుగును మాతృభాషగా చెప్పుకున్నారు. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ చేపల రేవులో తెలుగు మాట వినబడటం విశేషమే కాదు. 2018 డిసెంబరులో హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ను షహీద్ ద్వీప్ అనీ మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరును కూడా శ్రీ విజయపురంగా మార్చారు. అయినా పడవల వాళ్ళూ హోటళ్ళ వాళ్ళూ పాత పేర్లనే వాడుతున్నారు కనుక ఈ వ్యాసంలోనూ అవే ఉంటాయి.

మొదట గాలి సంగతి. ఈ ద్వీపాల మీద ఏడాదిలో రెండు గాలులు ఎదురెదురు దిక్కుల నుంచి వీస్తాయి. మే నెల మధ్యలో, కేరళకంటే ముందే, నైరుతి ఋతుపవనాలు ఇక్కడికి చేరి సెప్టెంబరు దాకా పడమటి తీరాలను కొడతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యపు గాలి తూర్పు తీరాలను కొడుతుంది. హావ్‌లాక్ పటం చూస్తే దీని ఫలితం వెంటనే అర్థమవుతుంది. రాధానగర్ బీచ్ పడమట, ఎలిఫెంట్ బీచ్ వాయవ్యాన, గోవింద్‌నగర్, విజయ్‌నగర్, కాలాపత్తర్ తీరాలు తూర్పున ఉన్నాయి. డిసెంబరులో తూర్పు తీరంలో నీరు అల్లకల్లోలమై, అడుగు ఇసుక లేచి మసకబారి ఉన్నరోజున, ద్వీపం అడ్డునిలిచిన పడమటి వైపు నీరు తటాకంలా ఉండవచ్చు. అదే జూన్‌లో వెళితే రాధానగర్‌లో ఎత్తైన అలలు విరుచుకుపడుతుంటాయి. కాబట్టి "డిసెంబరులో సముద్రం ఎలా ఉంటుంది?" అన్న ప్రశ్నకు ఒక జవాబు లేదు. ఏ వైపు సముద్రం అన్నది కూడా అడగాలి. రెండు గాలులూ నెమ్మదించే ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా అన్ని వైపులా నీరు తేటగా ఉంటుంది. డైవర్లు ఎక్కువగా ఇష్టపడే కాలం అదే. మన కుటుంబాలు ఎక్కువగా వెళ్ళేది మాత్రం దసరా, సంక్రాంతి సెలవుల్లోనూ వేసవి సెలవుల్లోనూ. అక్టోబరులో తుపాన్ల భయం, మే రెండో సగంలో నైరుతి రాక, రెండూ ఈ సెలవుల మీదనే పడతాయి.

గాలి గట్టిగా ఉన్నరోజున ఆగేది పారాసెయిలింగ్ ఒక్కటే కాదు, అసలు ద్వీపాల మధ్య నడిచే పడవలే ఆగిపోతాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు ప్రైవేటు ఫెర్రీలో రెండు గంటల లోపో కొంచెం ఎక్కువో పడుతుంది. వాతావరణ హెచ్చరిక వచ్చిందంటే ప్రభుత్వ పడవా కదలదు, ప్రైవేటు పడవా కదలదు. తిరుగు విమానానికి ముందు రాత్రి హావ్‌లాక్‌లో బస చేయడం ఎంత సాహసమో ఒక్కసారి ఇరుక్కున్నవారికి బాగా తెలుస్తుంది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. విశాఖ తీరమూ ఇదే బంగాళాఖాతం కదా, అక్కడి నీరు ఇంత తేటగా ఎందుకు ఉండదు? రుషికొండ, రాధానగర్ రెండూ 2020లో ఒకే జాబితాలో, శుభ్రమైన తీరాలకిచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన తీరాలు. శుభ్రతలోనూ సదుపాయాల్లోనూ పోటీ పడగలవు. తేడా భూగోళంలో ఉంది. గంగ, గోదావరి, కృష్ణ వంటి మహానదులు ఏటా మోసుకొచ్చే ఒండ్రు మట్టి బంగాళాఖాతపు ఉత్తర, పడమటి అంచుల్లో కలుస్తుంది. అండమాన్‌లో అలాంటి నదులు లేవు, ఉన్నవి చిన్న వాగులు, ఆ వాగుల మట్టిని కూడా చాలాచోట్ల మడ అడవులు వడగడతాయి. రెండో తేడా పగడపు దిబ్బ. విశాఖ తీరంలో సముద్రం నుంచి వచ్చే కెరటం నేరుగా ఒడ్డు మీద విరిగి, వెనక్కి మళ్ళే నీరు సన్నని పాయగా మారి మనిషిని లోపలికి లాగుతుంది. అండమాన్‌లో చాలా తీరాలకు కొంతదూరంలో పగడపు దిబ్బ గోడలా నిలిచి, కెరటపు బలాన్ని అక్కడే విరిచేస్తుంది. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య మిగిలే నిలకడ నీటిలోనే స్నార్కెలింగ్, అద్దాల పడవ, సీ వాక్ జరిగేది. రాధానగర్ ముందు అలాంటి గోడ లేదు కనుకనే అక్కడ అలలూ ఉంటాయి, విశాలమైన ఇసుకా ఉంటుంది. నీటి ఆటలు మాత్రం ఉండవు. గుర్తించిన హద్దుల్లో స్నానం చేయడం, సూర్యాస్తమయం చూడటం, అంతే.

దిబ్బ మీద నీరు ఎంత ఉందన్నది పోటు చెబుతుంది. ఇది మన పంచాంగం నేరుగా పనికొచ్చే చోటు. అండమాన్‌లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. అమావాస్య, పున్నమి రోజుల చుట్టూ చంద్రుడూ సూర్యుడూ ఒకే గీతమీద లాగుతారు గనుక పోటు ఎక్కువ ఎక్కుతుంది, ఆటు ఎక్కువ దిగుతుంది. ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్ ప్రాంతంలో ఎచ్చుకూ తగ్గుకూ మధ్య తేడా సుమారు రెండు మీటర్లు. అష్టమి చుట్టూ ఆ తేడా సగానికంటే తక్కువకు కుదించుకుపోతుంది. రోజు రోజుకూ పోటు వేళ సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. ఇంకొక సంగతి మన జాలరులకు తాతలనాటి నుంచి తెలిసిందే: ఒక రేవులో పున్నమి నాడు పోటు ఏ వేళకు వస్తుందో, అమావాస్య నాడు కూడా ఇంచుమించు ఆ వేళకే వస్తుంది. కాబట్టి టికెట్ కొనేముందు అక్కడి పడవ సరంగును "ఇవాళ ఆటు ఎన్నింటికి?" అని ఒక్కమాట అడిగితే మిగతా రోజులు మనమే లెక్కేసుకోవచ్చు.

రెండు మీటర్ల తేడా వినడానికి చిన్నదే. కానీ దిబ్బ పైభాగం మీద సాధారణంగా ఉండే నీరే ఒకటి రెండు మీటర్లయినప్పుడు, ఆటు వేళ అక్కడ మోకాలి లోతు మిగులుతుంది. అంత తక్కువ నీటిలో ఈదేవారి పొట్టకూ కాళ్ళకూ పగడం గీరుకుంటుంది. భయపడి నిలబడేవారి పాదాల కింద ఏళ్ళ తరబడి పెరిగిన పగడం విరుగుతుంది. నీల్ ద్వీపంలో ఈ లెక్క మరీ స్పష్టం. లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో ఉన్న రాతి వంతెననూ, దాని కింది నీటి గుంటల్లో చిక్కుకున్న చేపలనూ పీతలనూ చూడాలంటే ఆటు వేళ వెళ్ళాలి, పోటు వేళ ఆ దారే మునిగిపోతుంది. భరత్‌పూర్ బీచ్‌లో స్నార్కెలింగూ అద్దాల పడవా బాగుండాలంటే నీరు నిండి ఉండాలి. ఒకే రోజున రెండూ చూడదలచినవారికి ఏది ముందు, ఏది వెనుక అన్నది గడియారం కాదు, తిథి నిర్ణయిస్తుంది. చాలా ప్యాకేజీలు మాత్రం ఏ తిథికైనా ఒకే వరుస ముద్రించి ఇస్తాయి.

నీటి పైన ఆడే ఆటలకు లోతుతో పెద్దగా పని లేదు, గాలీ యంత్రమూ చాలు. పారాసెయిలింగ్‌లో పడవ వెనుక భాగంలో తాడు చుట్టే చక్రం ఉంటుంది. పడవ ముందుకు సాగుతుండగా తాడు వదులుతూ పోతే గొడుగు పైకి లేస్తుంది, తాడు చుడుతూ పోతే మనిషి మళ్ళీ పడవ మీదికే దిగుతాడు. పైకి లేపే బలం పడవ వేగమూ ఎదురుగాలీ కలిసి ఇచ్చేది. అందుకే ఉన్నట్టుండి విసిరే గాలి ప్రమాదకరం: పడవ ఆగినా గొడుగు ఆగదు. మబ్బు కమ్మినప్పుడు నిర్వాహకుడు ఆట ఆపితే అతడితో గొడవపడే యాత్రికులను చూస్తే నాకు జాలి కలుగుతుంది. ఆపగలిగినవాడే తెలిసినవాడు.

జెట్ స్కీ గురించి ఒక్క సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అది మోటారు సైకిల్ నడిపినవారి అనుభవానికి పూర్తిగా విరుద్ధం. దానికి చుక్కాని లేదు. యంత్రం వెనకనుంచి చిమ్మే నీటిధార దిశ మార్చడమే మలుపు. ఎదురుగా ఏదో కనబడి, భయంతో యాక్సిలరేటర్ వదిలేస్తే ధార ఆగిపోతుంది. అప్పుడు హ్యాండిల్ ఎటు తిప్పినా బండి తిన్నగా పోయి గుద్దుకుంటుంది. తప్పించుకోవాలంటే కొంత వేగం ఉంచుతూ తిప్పాలి. రోడ్డు మీద అలవాటైన కాళ్ళూ చేతులూ ఈ పని చేయవు. అందుకే అక్కడ వెనుకనో ముందో నిర్వాహకుడు కూర్చునే జాలీ రైడ్‌ను సరదా తగ్గించే విషయంగా చూడనక్కరలేదు. నడిపేవారి మణికట్టుకు ఒక తాడు ఉంటుంది. మనిషి పడిపోతే ఆ తాడు ఊడి యంత్రం ఆగిపోతుంది. అది కట్టుకోకుండా బండి కదిలిస్తే దిగిపోవడం మంచిది.

గాలి నింపిన పొడవాటి తెప్ప మీద కూర్చోబెట్టి పడవతో లాగే బనానా రైడ్‌లో చివర కావాలనే బోల్తా కొట్టించడం ఒక ఆచారంగా మారింది. పక్కవారి మోకాలు దవడకు తగలడం, మెడ పట్టేయడం అప్పుడే జరుగుతుంది. వద్దనుకుంటే ముందే చెప్పాలి. స్పీడ్ బోటులో ముందు భాగాన కూర్చుంటే ఫోటోలు బాగుంటాయి గాని, పడవ అల మీదనుంచి కిందికి పడ్డప్పుడల్లా ఆ దెబ్బ మొత్తం వెన్నుపూసకే తగులుతుంది. నడుమునొప్పి ఉన్నవారూ గర్భిణులూ ఆ పడవలకు దూరంగా ఉండటం మేలు, తక్కినవారికి వెనుక సీట్లు నయం. చీర కొంగు, చున్నీ, పొడవాటి జడ తాళ్ళలో చిక్కుకోకుండా కట్టుకోవాలి. నీటిలో చల్లబడిన వేళ్ళు సన్నబడి ఉంగరాలు జారిపోతాయన్నది చాలామంది డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం.

పడవ అన్నాక లైఫ్ జాకెట్ మాట తప్పదు. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర సామర్థ్యానికి మించి జనాన్ని ఎక్కించుకున్న పర్యాటక పడవ మునిగి 21 మంది మరణించారు. మనకు 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరం ఇంకా మరపునకు రాలేదు. చిన్న పడవలో బరువు ఎంత అన్నది ఒక్కటే కాదు, ఆ బరువు ఎక్కడ ఉంది అన్నది కూడా ముఖ్యం. డాల్ఫిన్ కనబడిందని అందరూ ఒక పక్కకు లేచి పరుగెత్తితే, పై అంతస్తు మీద నిలబడితే, పడవ తిరిగి నిలదొక్కుకునే శక్తి పోతుంది. ఇక జాకెట్ విషయానికొస్తే, ముందువైపు బకిల్స్ పెట్టి వదిలేస్తే చాలదు. ధరించినవారి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. అది చెవులదాకా వస్తే నీటిలో మనిషి కిందికి జారి జాకెట్ పైకి తేలుతుంది. పిల్లలకు పెద్దల జాకెట్ కట్టడం, కట్టకపోవడం దాదాపు ఒకటే. కాళ్ళ మధ్యనుంచి వచ్చే పట్టీ ఉన్న చిన్న సైజు అడిగి తీసుకోవాలి.

ఇప్పుడు నీటి కిందికి వెళదాం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. స్నార్కెలింగ్ గొట్టం మూర పొడవు కూడా ఉండదు. ఇంకా పొడవు గొట్టం పెట్టుకుని ఇంకా లోతుకు పోవచ్చు కదా అని ప్రతి పిల్లవాడూ అడుగుతాడు. పోలేము. నీటిలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. ఒక మీటరు లోతులోనే మన ఛాతీ మీద పడే అదనపు ఒత్తిడి ఎంత అంటే, పైనుంచి మామూలు గాలిని గొట్టంతో లాగాలంటే పక్కటెముకల కండరాలు చాలవు. కాబట్టి లోపల ఊపిరి పీల్చాలంటే ఆ లోతులో నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడితో గాలి అందాలి. సీ వాక్, స్కూబా రెండూ ఈ ఒక్క సమస్యకు రెండు జవాబులు.

సీ వాక్ జవాబు గ్లాసు బోర్లించడం. ఖాళీ గ్లాసును బోర్లించి నీటి తొట్టిలో నిలువుగా ముంచితే లోపల గాలి ఉండిపోతుంది కదా, తల మీద పెట్టే ఆ పెద్ద హెల్మెట్ అంతే. అడుగున తెరచి ఉంటుంది, పైన పడవ నుంచి పంపు గొట్టం ద్వారా గాలిని నెడుతూ ఉంటుంది, ఎక్కువైన గాలి అంచుల నుంచి బుడగలుగా పోతుంది. అందుకే ముఖం తడవదు, కళ్ళజోడు తీయనక్కరలేదు, ఈత రానక్కరలేదు. ఒడ్డున మోయలేనంత బరువైన హెల్మెట్ నీటిలో తేలికవుతుంది, మిగిలిన కొద్ది బరువే మనిషిని నేలమీద నిలుపుతుంది. తల నిటారుగా ఉంచాలన్న ఒక్క షరతు మాత్రం గ్లాసుకు ఉన్నదే దీనికీ ఉంది: వంగితే నీరు లోపలికి వస్తుంది. లోతు ఆరేడు మీటర్లకు మించదు గాని చెవులకు ఆ లోతు చాలు.

చెవి సంగతి స్కూబాకూ సీ వాక్‌కూ ఒకటే. కర్ణభేరి వెనుక చిన్న గాలి గది ఉంది. దానికి గొంతులోకి ఒక సన్నని దారి. కిందికి దిగుతున్నకొద్దీ బయటి ఒత్తిడి కర్ణభేరిని లోపలికి నెడుతుంది. రెండు మీటర్లలోనే నొప్పి తెలుస్తుంది. ముక్కు మూసుకుని, నోరు మూసుకుని, మెల్లగా గాలి ఊదితే ఆ సన్నని దారి తెరుచుకుని లోపలి ఒత్తిడి సర్దుకుంటుంది. నొప్పి మొదలయ్యాక కాదు, మొదలవకముందే అడుగడుగునా ఈ పని చేస్తూ దిగాలి. జలుబు చేసినవారికి ఆ దారి వాచి మూసుకుపోయి ఉంటుంది. వారు ఎంత డబ్బు కట్టినా ఆ రోజు నీటి కిందికి వెళ్ళకూడదు. పడిశానికి మాత్ర వేసుకుని దిగితే, మాత్ర ప్రభావం లోపల ఉండగానే తగ్గి, పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి రాలేక చెవి దెబ్బతినవచ్చు.

ఊపిరితిత్తుల కథ దీనికి తలకిందులు: అది పైకి వచ్చేటప్పటి ప్రమాదం. 10 మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెండింతలు. సిలిండర్ నుంచి నోటికి గాలి చేర్చే స్కూబా రెగ్యులేటర్ ఆ ఒత్తిడికి తగ్గ గాలినే అందిస్తుంది. అక్కడ నిండుగా పీల్చిన గాలిని బిగపట్టి పైకి వస్తే, అది రెండింతలుగా వ్యాకోచించాలి, ఊపిరితిత్తులకు అంత చోటు లేదు. ఇంకొక విచిత్రం ఏమిటంటే, 30 నుంచి 20 మీటర్లకు వచ్చేటప్పటికంటే చివరి 10 మీటర్లలోనే ఘనపరిమాణం చాలా ఎక్కువగా మారుతుంది. మీటరు పైచిలుకు తేడాకు కూడా హాని జరగవచ్చు. "లోతు తక్కువే కదా" అన్న ధైర్యం ఈ లెక్కకు సరిగ్గా వ్యతిరేకం. ఊపిరి ఎప్పుడూ బిగపట్టవద్దన్నది స్కూబాలో మొదటి పాఠం కావడానికి కారణం ఇదే.

హావ్‌లాక్‌లో ఈతరానివారికి కూడా అమ్మేది ట్రై డైవ్. జెట్టీకి దగ్గరలోని నీమో రీఫ్ వంటిచోట, ఒడ్డు నుంచే నడిచి దిగి, ఇన్‌స్ట్రక్టర్ సిలిండర్ వెనుక పట్టుకుని నడిపిస్తుండగా తిరిగి రావడం. మనం చేసేది ఊపిరి పీల్చడం, చెవులు సర్దుకోవడం, చేతి సైగలు గుర్తుంచుకోవడం మాత్రమే. ఇలాంటి పరిచయ డైవ్‌కు 12 మీటర్లు హద్దు, పదేళ్ళ వయసు కనీసం. దీన్ని స్కూబా నేర్చుకోవడంతో పొరబడకూడదు. ఓపెన్ వాటర్ కోర్సుకు మూడు నాలుగు రోజులు పడుతుంది, 18 మీటర్లదాకా తోడుతో వెళ్ళే అర్హత వస్తుంది. డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ వంటి పేరుమోసిన చోట్లకు ఆ తరువాతి అర్హతతోనే పడవలో తీసుకెళతారు. దిగేముందు ఇచ్చే ఆరోగ్య ప్రశ్నల కాగితం లాంఛనం కాదు. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్ ఉన్నవారు "లేదు" అని టిక్కు పెడితే మోసపోయేది వారే. ఒక ఇన్‌స్ట్రక్టర్ ఒకేసారి ఎంతమందిని తీసుకెళుతున్నారో అడగండి. ఇద్దరికంటే ఎక్కువ అంటే నేనైతే వేరే చోటు చూసుకుంటాను.

విమానం లెక్క గోలీసోడా లెక్కే. మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజని. ఒత్తిడి ఎక్కువైనప్పుడు అది రక్తంలోనూ కొవ్వులోనూ ఎక్కువగా కరుగుతుంది. మెల్లగా పైకి వస్తే మెల్లగా ఊపిరి ద్వారా పోతుంది. విమానం లోపలి గాలి ఒత్తిడి మాత్రం సుమారు రెండు వేల మీటర్ల కొండ మీద ఉండేంత. శరీరంలో ఇంకా నత్రజని మిగిలి ఉండగా అక్కడికి ఎక్కితే, గోలీ నొక్కిన సోడాలో లేచినట్టు కీళ్ళలోనూ నరాల్లోనూ బుడగలు లేవవచ్చు. ఒక్క డైవ్ తరువాత కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఆగాలన్నది డైవింగ్ సంస్థల సూచన. చాలామంది 24 గంటలు పాటించమంటారు, అది ఇంకా మంచిది. స్నార్కెలింగ్‌కు ఈ బాధ లేదు, ఎందుకంటే పీల్చేది పైగాలే. సీ వాక్‌లో పీల్చేది ఒత్తిడి గాలే అయినా లోతూ సమయమూ తక్కువ గనుక ముప్పు తక్కువ. అయినా చివరి రోజుకు దాన్ని మిగుల్చుకోవలసిన అవసరం ఏమీ లేదు.

ఇంత చేసి కిందికి వెళితే ఫోటోల్లో చూసిన రంగులు కనబడవని చాలామంది నిరాశపడతారు. నీరు ఎరుపును ముందుగా మింగుతుంది. అయిదారు మీటర్లకే ఎరుపు మట్టిరంగుగా మారుతుంది, ఇంకా దిగితే అంతా నీలి ఆకుపచ్చ. ఫోటోల్లోని రంగు లైటుదో, ఫిల్టరుదో. చేపలు మాత్రం అద్దం వెనుక నుంచి చూస్తాం కనుక ఉన్నదానికంటే సుమారు మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి. ఒడ్డుకొచ్చి చెప్పుకునే కొలతల్లో సగం అబద్ధం ఆ అద్దానిదే. రంగులేని పగడానికి ఇంకొక కారణం కూడా ఉంది. 2010 వేసవిలో నీరు మితిమీరి వేడెక్కి అండమాన్ పగడాలు విస్తారంగా తెల్లబారాయి. 2004 డిసెంబరు 26 భూకంపానికి ఉత్తర అండమాన్ తీరం మీటరుకు పైగా లేచి, అక్కడి దిబ్బలు నీటిపైకి వచ్చి ఎండి చచ్చిపోయాయి. మిగిలినవాటిమీద నిలబడటం, ఫోటో కోసం రొట్టెముక్కలు జల్లి చేపలను పోగుచేయడం ఇప్పటికీ సాగుతూనే ఉంది. చేపలకు రొట్టె తిండి కాదు, దిబ్బమీద నాచును తినవలసిన చేపకు అది పని మాన్పించే లంచం. ఇక పగడం ముక్కను జ్ఞాపకంగా జేబులో వేసుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, విమానాశ్రయంలో సంచులు వెతుకుతారు.

పగడాలే చూడాలనుకునేవారు ఎలిఫెంట్ బీచ్‌కంటే, పోర్ట్ బ్లెయిర్ దగ్గరి వండూరు నుంచి వెళ్ళే జాలీ బాయ్‌ను ఎంచుకోవాలని నా అభిప్రాయం. అది 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలోని ద్వీపం. అక్కడ జెట్ స్కీలు లేవు, ప్లాస్టిక్ సంచికి ప్రవేశం లేదు, సోమవారం సెలవు, ఏడాదిలో కొన్ని నెలలు దాన్ని మూసి బదులుగా రెడ్ స్కిన్ ద్వీపాన్ని తెరుస్తారు. ఆ విశ్రాంతి ఫలితం నీటిలోకి తల పెట్టగానే తెలుస్తుంది. పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా ఉన్న నార్త్ బే దీనికి పూర్తి వ్యతిరేకం: జనం, గోల, అన్ని ఆటలూ ఒకేచోట. పాత ఇరవై రూపాయల నోటు వెనుక కొబ్బరిచెట్ల మధ్య కనిపించేది దాని దీపస్తంభమే. సమయం లేనివారికి అదీ చాలు. ఎక్కడికి వెళ్ళినా మడ అడవుల వాగు సముద్రంలో కలిసే మొగల దగ్గర మాత్రం దిగరాదు, అది ఉప్పునీటి మొసళ్ళ తావు. 2010లో రాధానగర్ పక్కనే స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ యాత్రికురాలిని మొసలి చంపింది.

ఒక్క ఆటకు మాత్రం అమావాస్యే శుభం. హావ్‌లాక్ మడ అడవుల్లో రాత్రిపూట కయాక్ అనే సన్నని చిన్న పడవలో తెడ్డు వేస్తే నీరు నీలంగా వెలుగుతుంది. కదిలించినప్పుడు కాంతినిచ్చే ఏకకణజీవులు ఆ నీటిలో ఉంటాయి. వెన్నెల ఉంటే అది వెలవెలబోతుంది, ఆటు ఉంటే వాగులో కయాక్ నేలకానుతుంది. చీకటీ పోటూ రెండూ కలిసిన రాత్రే వెళ్ళాలి. నెలలో అలాంటి రాత్రులు వేళ్ళమీద లెక్కించేన్ని.

వీటన్నిటినీ కలిపి ఆరు రోజుల ప్రయాణానికి వరుస వేస్తే అది చాలా ప్యాకేజీలకు తలకిందులుగా వస్తుంది. దిగిన మర్నాడే హావ్‌లాక్ చేరి, జలుబు పట్టకముందే, ఒళ్ళు అలవకముందే స్కూబా చేయాలి. ఆ తరువాతి రోజు పోటు వేళ చూసుకుని ఎలిఫెంట్ బీచ్. అక్కడ చలికాలంలో సాయంత్రం అయిదింటికే పొద్దు గుంకుతుంది గనుక పడవలు ముందుగానే తిరుగుముఖం పడతాయి, పొద్దున్నే వెళ్ళాలి. నాలుగో రోజు నీల్, ఆటును బట్టి రాతివంతెన ముందో భరత్‌పూర్ ముందో. అయిదో రోజు మధ్యాహ్నానికి పోర్ట్ బ్లెయిర్ చేరితే, ఫెర్రీ రద్దయినా సర్దుకోవడానికి ఒక పూట మిగులుతుంది. ఆ సాయంత్రం సెల్యులార్ జైలు, తెల్లవారి రాస్ ద్వీపం, ఆపైన మధ్యాహ్నపు విమానం. స్కూబా చేసి అప్పటికి మూడు రోజులు దాటి ఉంటాయి.